ఎర్తుకు నీళ్లు

మా ఊరికి రేడియో వచ్చినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. యాభైల చివర్లో సంగతి. సోమందేపల్లెలో బస్సు దిగి నాలుగు మైళ్లు లోపలికి నడిస్తే మా ఊరు. మా ఆయన అక్కడి బడికి ఒక్కడే అయ్యవారు. ఆ రేడియోను పంచాయతీకి ప్రభుత్వం ఇచ్చింది. చావడిలో పెడదామంటే చావడికి తలుపు లేదు. పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, అయ్యవారి ఇల్లే మేలన్నారు. అయ్యవారికి చదువొచ్చు, ఇంటికి తాళం ఉంది, వీధి వైపు పొడుగాటి అరుగు ఉంది. అలా అది మా ఇంట్లోకి వచ్చింది. మాది మాత్రం కాదు.

అనంతపురం నుంచి మెకానిక్కు జీపులో వచ్చాడు. ఆయన దించిన సామాన్లలో రేడియో పెట్టె ఒక్కటే తేలిక. బరువంతా బ్యాటరీదే. రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టి అట్ట చుట్టినట్టు ఉండేది. దానికి రేడియో నుంచి గుడ్డ చుట్టిన లావుపాటి తీగ వచ్చేది. తీగ చివర నాలుగు పుల్లల ప్లగ్గు. నాలుగింటిలో ఒక పుల్ల లావు, అందుకని అది ఒక్క తీరుగానే పట్టేది. మిద్దె మీద రెండు వెదురు గడలు పాతి మధ్యన రాగితీగ లాగి, అది ఏరియల్ అన్నాడు. ఇంటి వెనక మోకాలి లోతు గుంత తీయించి, ఇనుప కడ్డీ దించి, చుట్టూ బొగ్గులూ ఉప్పూ పోసి పూడ్చాడు. అది ఎర్తు అన్నాడు.

"అయ్యవారూ, ఈ గుంత ఎండిపోకూడదు. దినామూ ఒక చెంబు నీళ్లు పోయల్ల. ఎండిందంటే గరగర తప్ప ఏమీ ఇనపడదు," అన్నాడు మెకానిక్కు.

మా ఆయన నా వైపు చూశాడు. ఇంటికి నీళ్లు మోసేది నేనే కదా.

పొద్దు గూకే వేళకు ఊరి మగవాళ్లు అరుగు మీదా వీధిలోనూ కూర్చునేవాళ్లు. ఆడవాళ్లు ఎదురింటి గోడకు ఆనుకుని నిలబడేవాళ్లు. అప్పటికి కడపలో స్టేషను లేదు. బెంగళూరు దగ్గర గనక కన్నడం గంట కొట్టినట్టు వినపడేది. తెలుగు మద్రాసు నుంచో బెజవాడ నుంచో రావాలి, అది ఈదుకుంటూ వచ్చినట్టు వచ్చేది. ఎర్తు తడిగా ఉన్న రోజు మాట తెలిసేది. లేని రోజు ఎవరో దూరంగా శెనక్కాయలు వలుస్తున్నట్టే ఉండేది. పైరు గురించీ ఎరువుల గురించీ చెప్పే మాటలు అయ్యాక వార్తలు, వార్తల తర్వాత పాట ఒకటో రెండో. ఆ తర్వాత మా ఆయన ప్లగ్గు పీకి, తీగ చుట్టి, రేడియో మీద దుప్పటి కప్పేవాడు. బ్యాటరీ అయిపోతే మెకానిక్కు కొత్తది తెచ్చేదాకా రేడియో పలకదు గనక, ఉన్నది ఎన్నాళ్లు వస్తే అన్నాళ్లు రావాలని ఆయన జాగ్రత్త. దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నన్ను కూడా.

మరుసటి ఏడు మాకు కూతురు పుట్టింది.

అమ్మాయికి మూడేళ్లు నిండబోతుండగా వరసగా రెండో ఏడు వానలు తప్పాయి. వేసిన వేరుశెనగ విత్తనం మొలిచి, బెత్తెడు ఎదిగి, అక్కడే కాలిపోయింది. ఊళ్లో బావులు రెండూ అడుగంటాయి. ఒకదాంట్లో బురద మిగిలింది, రెండోదాంట్లో బండ కనిపించింది. మేం ఆడవాళ్లం మైలున్నర దూరాన ఉన్న వంకకు పోయి, ఇసకలో చెలమ తవ్వుకుని, ఊరే నీళ్లను కొబ్బరి చిప్పతో తోడి బిందెల్లో పోసుకునేవాళ్లం. ఒక బిందె నిండడానికి ఎంతసేపు పట్టేదో, అంతసేపూ వెనక ఇంకో నలుగురు నిలబడి చూస్తుండేవాళ్లు. పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె. మనుషులం నలుగురం, ఒక ఆవు. అందులోంచి రేడియోకు ఒక చెంబు.

రోజూ ఆ చెంబు నీళ్లు వంచుతుంటే మా అత్త వసారాలోంచి చూసేది. ఒకరోజు పట్టలేక కొడుకును నిలదీసింది.

"ఏమప్పా, మనుషులకే నీళ్లు ల్యాకపోతే ఆ కడ్డీకి పోయల్లనా? నీ పెండ్లాం యాడినుంచి మోసుకొస్తాండాదో నీకు తెల్సునా?"

"అమ్మా, ఊరంతా వాన మాట కోసమే వస్తాండారు. గరగరమంటే వాళ్లకు ఏం చెప్పల్ల?"

"వాన వస్తే రేడియో చెప్పల్లనా? నెత్తిన పడితే తెలీదా?"

మరుసటి రోజు నుంచి ఆయన పొద్దున్నే లేచి ఆ గుంత మీద నిలబడి మొహం కడుక్కోవడం మొదలుపెట్టాడు. తన వంతు నీళ్లే గుంతకు పడేవి. నన్ను వేరే చెంబు అడగలేదు. అది చూసి మా అత్త కూడా బియ్యం కడిగిన నీళ్లు అక్కడే పోసేది, పోస్తూ సణిగేది. అమ్మాయికి కాళ్లు కడిగినా అక్కడే. సంగతి ఎలా పాకిందో గాని చెలమ నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లు కొందరు మా పెరటి వైపు తిరిగి, బిందె మీద తొణికే నీళ్లను అరచేత్తో తోసి గుంతలో పడేసి పోయేవాళ్లు. "రేడియోకమ్మా," అనేవాళ్లు. సాయంత్రం అరుగు మీద జనం ఆ కరువులోనే ఎక్కువయ్యారు. పక్క పల్లెల వాళ్లు కూడా వచ్చేవాళ్లు. వార్తల్లో వాతావరణం అనే మాట రాగానే దగ్గు కూడా ఆపుకునేవాళ్లు. కోస్తాలో వాన పడిందని చెబితే ఎవరో ఒకరు, "పడనీలే, ఆడన్నా పడనీ," అనేవాళ్లు. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయేవాళ్లు.

ఎండాకాలం చివర్లో అమ్మాయికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పొద్దున సంగటి తినలేదు. మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి. ఆయన బడికి సెలవిచ్చి, సైకిలు మీద సోమందేపల్లె పోయి కాంపౌండరును వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. కాంపౌండరు పొడి మందు ఇచ్చి, నీళ్లు కాచి చల్లార్చి ఉప్పూ చక్కెరా వేసి తాపించమన్నాడు. తాపించాను. నిలవలేదు. తెల్లవారి బండి కట్టించుకుని పెనుకొండ ఆసుపత్రికి పోదామనుకున్నాం. బండి వాకిట్లోకి వచ్చింది. నేను అమ్మాయిని ఎత్తుకుని గడప దాటేటప్పటికే మెడ నా చేతి మీద వాలి ఉంది. మా అత్త ముట్టి చూసి, "బండి పంపించెయ్," అంది కొడుకుతో.

చిన్నపిల్లల్ని మా వైపు పూడుస్తారు. ఆయన పాత పంచె చుట్టి, రెండు చేతుల మీద ఎత్తుకుని పోయాడు. వెంట నలుగురు మగవాళ్లు పోయారు. నేను ఇంటి గడప దగ్గరే నిలబడ్డాను. ఎండ బాగా కాస్తోంది. ఎదురింటి మేక ఒకటి మా అరుగెక్కి నెమరేస్తోంది. దాన్ని తోలాలని కూడా అనిపించలేదు.

ఆ సాయంత్రం జనం అరుగు మీద కూర్చున్నారు. రేడియో కోసం రాలేదు, మమ్మల్ని చూసి పోవడానికి వచ్చారు. మా ఆయన లోపలికి పోయి ప్లగ్గు పీకబోయాడు. అప్పటికి అది పీకే ఉంది. తడిమి చూసి, తీగను ఇంకా గట్టిగా చుట్టి, దుప్పటి కప్పాడు.

నాకు ఏడుపు రాలేదు. వస్తుందని అందరూ ఎదురు చూశారు. మా అమ్మ వచ్చి పది రోజులుండి, నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని, "ఏడువమ్మా, ఏడిస్తే తగ్గుతాది," అంది. ఆమే ఏడ్చింది. నేను ఆమె చీర అంచు మీది పువ్వులు చూస్తూ పడుకున్నాను. పనులన్నీ చేశాను. చెలమకు పోయాను, పేడ తీశాను, సంగటి కెలికాను. కూరలో ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు. రెండుసార్లు వేశానని మా అత్త చెబితే తెలిసింది. ఆమె చెప్పి, అదే కూర కలుపుకుని తినేసింది.

రేడియో పలకకపోయినా ఎర్తుకు మాత్రం నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఆయన ఆ గుంత దగ్గర మొహం కడుక్కోవడం మానేశాడు. ఆడవాళ్లు పెరటి వైపు రావడం మానేశారు. నేను ఒక్కదాన్నే, పొద్దున బిందె దించగానే, చెంబు ముంచి తీసుకుపోయి పోసేదాన్ని. నెల గడిచాక మా అత్త వెనకాలే వచ్చి నిలబడింది.

"ఎవురికే పోస్తాండావు?"

"అలవాటు," అన్నాను.

ఆమె చెంబు లాక్కుంటుందనుకున్నాను. లాక్కోలేదు. "సరే, పోసి రా," అని లోపలికి పోయింది.

ఆ నీళ్లు చెలమవి. అమ్మాయికి తాపినవీ ఆ చెలమవే. కాచి తాపాలని కాంపౌండరు చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఈ మాట ఆ రోజుల్లో చాలాసార్లు మనసులోకి వచ్చేది. వచ్చి అలాగే నిలబడేది, నాకేమీ అయ్యేది కాదు.

ఒక సాయంత్రం గొర్రెల కాపరి ముసలాయన వచ్చాడు. ఊళ్లో అందరికంటే ఎక్కువ గొర్రెలు ఆయనవే. అరుగెక్కలేదు. కట్టె ఆనుకుని వీధిలోనే నిలబడ్డాడు.

"అయ్యోరమ్మా, అడగకూడదు. అయినా అడుగుతాండా. గొర్రెల్ని ఈడనే పెట్టుకోవాల్నా, తూరుపుకు తోలుకొని పోవాల్నా తెలీడం లేదు. ఆకూ అలమూ అయిపోయినాయి. వాన మాట ఏమన్నా చెప్తారేమో, ఒక్క తూరి పెట్టించమ్మా."

మా ఆయన లోపల గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ముసలాయన గొంతు చిన్నది కాదు. విన్నాడు. లేవలేదు. నేను గుమ్మంలో నిలబడి, "విన్నావా?" అన్నాను.

రేడియో మీది దుప్పటి నేనే తీశాను. తీగ విప్పి, ప్లగ్గు పట్టుకుని బ్యాటరీ బెజ్జాల మీద పెట్టి నొక్కాను. పట్టలేదు. తిప్పి నొక్కాను. లావు పుల్ల ఎటుందో వేలితో తడిమి చూసుకుని మళ్లీ నొక్కితే దిగింది. మీట తిప్పాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత కన్నడం వచ్చింది, ఎవరో మగమనిషి చెరుకు గురించి చెబుతున్నాడు. ముల్లు మెల్లగా జరుపుకుంటూ పోతే తెలుగు దొరికింది. ఆ రోజు చాలా స్పష్టంగా ఉంది, ఒక్క మాట పోలేదు. ఎర్తు తడిగా ఉంది కదా. వీధిలో ఒక్కొక్కరే చేరారు. వచ్చిన వాళ్లు నన్ను చూసి, తల దించుకుని కూర్చున్నారు. రాయలసీమ మాట వచ్చింది. పొడిగా ఉంటుందనే చెప్పారు.

"సరేలేమ్మా. పోతా," అన్నాడు ముసలాయన.

తెల్లారేసరికి ఆయన గొర్రెలు ఊళ్లో లేవు. రెండు నెలల తర్వాత, మా వైపు చినుకు పడ్డాక తిరిగొచ్చాడు. మందలో సగానికి పైగా మిగిలాయి. మా ఇంటి ముందు ఆగి, "ఆ దినం నువ్వు పెట్టకపోయింటే అన్నీ ఈడనే సచ్చేవమ్మా," అని చెప్పి దండం పెట్టాడు. "మంచిది తాతా," అన్నాను. అది మంచి మాటే అని తెలుసు. తెలియడం వరకే.

ముసలాయన వచ్చి అడిగిన ఆ సాయంత్రం నుంచి రేడియో నా పని అయింది. మా ఆయన నాకు అప్పగించలేదు, నేనూ అడగలేదు. రోజూ వేళకు పెట్టేదాన్ని, వేళకు తీసేదాన్ని. పాటలు వస్తే రాయి మీద రాయి తిరిగిన చప్పుడు విన్నట్టు వినేదాన్ని. ఆయన ఆ వేళకు బడి వైపో పొలాల వైపో పోయేవాడు. మేం మాట్లాడుకోకుండా ఏమీ లేము. ఆవు ఈనిందనీ, నూనె అయిపోయిందనీ మాట్లాడుకునేవాళ్లం. అమ్మాయి పేరు మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆ పేరే ఉన్న పిల్ల ఒకతె బడిలో ఉండేది. హాజరు పిలిచేటప్పుడు ఆయన ఆ పిల్లను ఇంటిపేరుతో పిలిచేవాడట. ఎదురింటామె చెప్పింది.

ఐదేళ్లు అలా పోయాయి. అరవైల మధ్యలో మా ఊరికి కరెంటు స్తంభాలు వచ్చాయి. ముందు బావుల మీద మోటార్లకు, తర్వాత పంచాయతీ దీపాలకు, ఆ తర్వాత రేడియో ఉన్న ఇల్లని మా ఇంటికి ఒక తీగ లాగారు. కొన్నాళ్లకు పాత మెకానిక్కే మళ్లీ వచ్చాడు. కొంచెం ఒళ్లు చేశాడు. ఈసారి బ్యాటరీ తేలేదు, ఇనుప రేకు పెట్టె ఒకటి తెచ్చాడు. చిన్నదే, చెప్పుల పెట్టెలో సగం ఉంటుంది. ఒక పక్క గోడ ప్లగ్గుకు పోయే తీగ, ఇంకో పక్క బ్యాటరీకి ఉన్నట్టే నాలుగు బెజ్జాలు.

"ఇది ఎలిమినేటరమ్మా. రేడియోకు ఏమీ మార్చే పని లేదు. అది బ్యాటరీ అనుకుంటుంది, ఇది కరెంటును బ్యాటరీ మాదిరి చేసి ఇస్తుంది. ఇంక నాకోసం ఎదురు చూసే పని లేదు," అన్నాడు.

నాలుగు పుల్లలూ తనే గుచ్చి మీట తిప్పాడు. రేడియో పలికింది, కానీ మాట వెనక గుయ్‌మని ఒకటే మోత. పెట్టెను దూరం జరిపాడు, తీగలు విడదీశాడు. తగ్గలేదు. లోపల ఏదో వదులైందని రేడియో వెనక అట్ట విప్పడానికి కూర్చున్నాడు. అన్నేళ్లలో ఆ అట్ట ఎవరూ విప్పలేదు. రేడియో మొహం ఎప్పుడూ కిటికీలోంచి వీధి వైపు ఉండేది, వెనక భాగం ఇంట్లోకి ఉండేది. ఆ అట్టకు గాలి ఆడడానికి వేలు పట్టేటంత బెజ్జాలు.

ఆ రోజు బడి సెలవు. మా ఆయన వసారాలో ఏవో కాగితాలు చూసుకుంటున్నాడు. మెకానిక్కు మరలు విప్పి, అట్ట తీసి, దుమ్ము దులపడానికి రేడియోను పక్కకు వంచాడు. లోపలి నుంచి గలగలమని నేల మీద పడ్డాయి. ఎండిన శెనక్కాయలు, చింతపిక్కలు, సుద్దముక్క ఒకటి, రాయిలా గట్టిపడిపోయిన సంగటి ఉండలు మూడో నాలుగో. ఒక్కొక్కటి గోలీ అంత.

"ఎలకలు పెట్టుకున్నాయి చూడండి," అని నవ్వాడు మెకానిక్కు.

"ఎలకలు కాదు," అన్నాడు మా ఆయన.

ఎప్పుడు లేచి వచ్చాడో తెలియదు, గుమ్మంలో ఉన్నాడు. వచ్చి నేల మీద కూర్చున్నాడు. అమ్మాయి పేరు పలికాడు. పలికి, అది పెట్టినవి ఇవి, అన్నాడు.

"లోపల తాత ఉండాడనుకునేది. దినామూ మాట్లాడతాండాడు గదా, ఆకలయితాదని పెట్టేది. నేను చూసినా. ఒక దినం ముద్ద ఉండ చేసి బెజ్జంలో తోస్తాంటే చూసి, ఊరకున్నా. పాడయితాదని తెలుసు. తెలిసీ ఏమీ అనలేదు. నీకు చెప్తే తిడతావని చెప్పలేదు."

ఈ ఆఖరి మాటలు నాతో అన్నాడు. మెకానిక్కుకు ఏం అర్థమయిందో, స్క్రూడ్రైవరు కింద పెట్టి, బీడీ తాగొస్తానని బయటికి పోయాడు. మా ఆయన ఆ సంగటి ఉండలను ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. వేలిముద్రలు ఏవైనా ఉన్నాయేమోనని తిప్పి తిప్పి చూశాడు. అప్పుడు ఏడ్చాడు. చిన్నపిల్లవాడిలా నోరు తెరిచి ఏడ్చాడు. మా అత్త పరుగున వచ్చి, నేల మీదివి చూసి, కొడుకు తల పట్టుకుని కూర్చుంది.

నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. ఆయన పక్కన కూర్చుని చింతపిక్కలు ఏరాను. పదకొండు ఉన్నాయి. అన్నీ ఏరాక నాకు ఆకలేసింది. అంత ఆకలి ఎన్నేళ్లుగా ఎరగను. వంటింట్లోకి పోయి, మధ్యాహ్నానికి చేసి పెట్టిన సంగటీ ఊరిబిండి పచ్చడీ నిలబడే తిన్నాను. ఊరిబిండిలో కారం ఎక్కువయింది. మూతి మండింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికే అనుకుంటాను.

మెకానిక్కు తిరిగొచ్చి, లోపల ఊడిన తీగను అతికించి, అట్ట బిగించాడు. మోత తగ్గింది, పూర్తిగా పోలేదు. పంచాయతీ పుస్తకంలో రేడియో బాధ్యుల పేరు రాయాలని, "ఎవరి పేరు రాయమంటారు?" అని అడిగాడు. మా ఆయన నా పేరు చెప్పాడు. వెళ్తూ వెళ్తూ మెకానిక్కు నాతో, ఇంక ఎర్తుకు నీళ్లు పోసే పని లేదమ్మా అన్నాడు. సరేనన్నాను. మరుసటి రోజు పోయలేదు. ఆ తర్వాతా పోయలేదు.

రేడియోలోంచి పడినవన్నీ మా ఆయన ఒక గుడ్డలో మూటకట్టి, అమ్మాయిని పూడ్చిన చోటికి ఒంటరిగా బయల్దేరాడు. ఈసారి నేనూ వస్తానన్నాను. ఆడవాళ్లు రాకూడదని మా అత్త అనబోయి ఆగింది. ఇద్దరం పోయాం. ఆ చోటు నేను చూడడం అదే మొదలు. చుట్టూ తంగేడు పెరిగింది. గుర్తు పెట్టిన రాయి కొంచెం పక్కకు ఒరిగి ఉంటే ఆయన నిలబెట్టాడు.

రెండేళ్లకు రాయదుర్గం పక్కకు బదిలీ అయింది. రేడియోనూ ఎలిమినేటరునూ పంచాయతీకి అప్పజెప్పి వచ్చాం. అక్కడ ఇంకో ఆడపిల్ల పుట్టింది. మాటలు వచ్చాక ఒకరోజు, నాకు ముందు ఇంట్లో ఎవరన్నా ఉన్నారా అని అడిగింది. ఉండింది, మీ అక్క అన్నాడు మా ఆయన. పేరేమిటని అడిగితే నేనే చెప్పాను.